రోబో అనగా వెట్టివాడు

రోబో అను మాట తెలియని విద్యార్థి నేడు ఉండడు. 2010లో ఆ పేరుతోనే ఒక చలనచిత్రము తెలుగునాట ఆడినది. ఈ మాటకు మనవారు మరమనిషి అని తెలుగు చేసుకొన్నారు. వినుటకు ఇంపుగానే ఉన్నది. కాని ఆ అనువాదములో అసలు మాటకున్న ప్రాణము జారిపోయినది. చెక్ భాషలో రోబోట అనగా యంత్రము కాదు, వెట్టి. భూస్వామి పొలములో రైతు కూలి లేకుండ చేయవలసిన నిర్బంధపు చాకిరికి బొహీమియా దేశములో ఉండిన పేరు అది. అక్కడి రైతులు 1775లో తిరుగబడినారు. ఆ యేడే మరియా థెరీసా రాణి వెట్టి వారమునకు మూడు దినములకు మించరాదని శాసనము చేసినది. పూర్తిగా రద్దగుటకు మరి డెబ్బది మూడేండ్లు, అనగా 1848 వరకు, పట్టినది.

త్రిపురారము, మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతములవారికి ఈ మాట అర్థము కొరకు నిఘంటువు తిరుగవేయవలసిన పని లేదు. నిజాము పాలనలో నల్లగొండ జిల్లా పల్లెలలో కుమ్మరి దొర ఇంటికి కుండలు ఊరక ఈయవలెను. చెప్పులు కుట్టువాడు చెప్పులు ఈయవలెను. చాకలి బట్టలు ఉతుకవలెను. అధికారి ఊరికి వచ్చిన నాడు ఇంటికొక మనిషి మూట మోయవలెను. కూలి అడుగు హక్కు ఎవ్వరికిని లేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలియైన తరువాత పెద్ద మంటగా లేచి, 1951 అక్టోబరు వరకు సాగిన రైతాంగ పోరాటమునకు ఈ వెట్టియే ముఖ్య కారణములలో ఒకటి.

కాబట్టి రోబోను వెట్టివాడు అని అనువదించి, ఆ కంటితో వైజ్ఞానిక కల్పనలను, అనగా సైన్స్ ఫిక్షన్ అని పేరుపడిన రచనలను, తిరిగి చదివి చూడవచ్చును. గ్రహాంతరయానము, కాలయంత్రము, ఉక్కుమనిషి మొదలైన వింతల వెనుక ఒక పాత రాజకీయ ప్రశ్న దాగియున్నది: పని చేయువాడెవడు, తినువాడెవడు? ఆ ప్రశ్న వేసిన రచయితలు చాలమంది ఉన్నారు. వేసిన పిదప పని చేయువాని పక్షమున కడదాక నిలిచినవారు మాత్రము తక్కువ.

రోబో అను మాటను లోకమునకు ఇచ్చినవాడు చెక్ రచయిత కారెల్ చాపెక్. ఆ మాటను సూచించినవాడు ఆయన అన్న, చిత్రకారుడైన యోసెఫ్. ఆర్.యు.ఆర్. అను నాటకమును చాపెక్ 1920లో వ్రాసినాడు. 1921 జనవరిలో అది ప్రాగ్ నగరములోని జాతీయ నాటకశాలలో ఆడినది. ఇందులోని రోబోలు ఇనుపబొమ్మలు కావు. రక్తమాంసములవంటి పదార్థమును తొట్లలో కలిపి, మనిషి రూపున అచ్చుపోసి, ఇరువది సంవత్సరముల పాటు పనిచేయునట్లు తయారుచేసిన జీవులు. కర్మాగారము ఒక ద్వీపములో ఉన్నది. దానిని స్థాపించిన వంశములో పెద్దవాడు శాస్త్రజ్ఞుడు. కృత్రిమముగ మనిషిని చేసి దేవుని అవసరము లేదని నిరూపింపవలెనని ఆయన పట్టుదల. చిన్నవాడు ఇంజనీరు. వానికి దేవునితో పని లేదు, ఖర్చుతో పని. మనిషికి సంతోషము కలుగును, ఫిడేలు వాయింపబుద్ధి పుట్టును, ఊరక తిరుగవలెననిపించును. ఉత్పత్తికి ఇవేవియు అక్కరలేదు గనుక అన్నిటిని తీసివేసినాడు. మంచి పనివాడనగా అవసరములు తక్కువగ ఉండి చవుకగ దొరకువాడు అని తేల్చినాడు. గడీలోని దొర వెట్టివానిని చూచిన చూపునకు, ఈ ఇంజనీరు చూపునకు ఎంత దూరమున్నదో పాఠకులే చెప్పవలెను.

ఇంకొక విషయము ఉపాధ్యాయులు గమనింపదగినది. ఈ రోబోలకు మొదట నొప్పి తెలియదు. దానివలన చేయి యంత్రములో పడినను తీసికొనరు, సరకు పాడగును. అందుచేత కర్మాగారపు వైద్యుడు వారికి నొప్పిని అమర్చుటకు ప్రయత్నించుచుండును. దయ చేత కాదు, నష్టము తగ్గించుటకు. అప్పుడప్పుడు ఒక రోబో పని మానివేసి, చేతిలోనిది క్రింద పడవేసి, పండ్లు కొరుకుచు నిలుచుండును. యజమానులు దానిని యంత్రదోషమని లెక్కించి ఆ రోబోను చిదిమివేయుదురు. వారిని విడిపింపవచ్చిన హెలీనా అను యువతికి మాత్రము అందులో ఆత్మ కనబడినది. నాటకమంతటిలో ఇంతకన్న లోతైన ఘట్టము లేదు. సమ్మె అను మాట పుట్టకముందు సమ్మె ఎట్లుండునో చాపెక్ రెండు మూడు వాక్యములలో చూపినాడు.

తిరుగుబాటు మొదలైనప్పుడు నిర్వాహకుడు డోమిన్ ఆలోచించిన ఉపాయము కూడ గొప్ప రాజకీయ పాఠము. ఇకమీదట అన్నియు ఒకే తీరు రోబోలు చేయరాదు, దేశమునకొక రంగు, దేశమునకొక భాష గల రోబోలను చేయవలెను, అప్పుడు ఒకరి మాట ఒకరికి తెలియక ఒకరినొకరు ద్వేషింతురు అని ఆయన ఎత్తుగడ. కులమునకొక వెట్టి పంచిపెట్టి, కుమ్మరికి చాకలికి పొత్తు కుదురకుండ చూచిన పల్లెపెత్తనము ఎరిగినవారికి ఇది ఐరోపా ఊహ అనిపించదు.

ఐతే చాపెక్ ఇక్కడ ఆగిపోయినాడు. రోబోలు గెలిచిన పిదప మనుష్యులనందరిని చంపి ఒక్కని మాత్రము విడిచిపెట్టుదురు. వాడు ఆల్‌క్విస్ట్ అను కట్టడపు పనివాడు. తమవలె చేతులతో పని చేయును గనుక వానిని బ్రతుకనిచ్చినారు. ఈ కల్పన చక్కనిది. కాని ఆ తరువాత రోబోలకేమి కావలెను? ఎవరికిని అక్కరలేని సరకును గుట్టలుగ ఉత్పత్తి చేయుట, తమ జాతి అంతరింపకుండ నిలుపుకొనుట తప్ప వారికి వేరొక కోరిక కనబడదు. చాపెక్ 1924లో తాను కమ్యూనిస్టును ఎందుకు కాలేదో చెప్పుచు ఒక వ్యాసము వ్రాసినాడు. ఆ భయము ఈ నాటకములో ముందే ఉన్నది. వెట్టివాని బాధను ఇంత సూక్ష్మముగ చూచిన మనిషి, వెట్టివాడు లేచి నిలబడగానే వానిలో నరమేధమును తప్ప మరేమియు చూడలేకపోయినాడు. నల్లగొండ జిల్లాలో వెట్టివాడు లేచినప్పుడు సంఘము పెట్టినాడు, అర్జీలు వ్రాయించినాడు, భూములు పంచినాడు. తప్పులు లేవని కాదు, రక్తము చిందలేదని కాదు. కాని వానికి రేపటిని గూర్చి ఒక ఆలోచన ఉన్నది. చాపెక్ రోబోకు దానిని ఈయలేదు.

చాపెక్‌కు పూర్వమే ఈ ప్రశ్నను ఇంగ్లాండులో హెచ్.జి. వెల్స్ వేసినాడు. 1895లో అచ్చయిన కాలయంత్రము అను నవలలో ప్రయాణికుడు 8,02,701వ సంవత్సరమునకు పోవును. భూమి పైన ఏ పనియు చేయని అందగాండ్రైన ఎలాయ్ జాతి ఉన్నది. భూమి క్రింద యంత్రములు నడుపు మార్‌లాక్ జాతి ఉన్నది. యజమానులును కార్మికులును వేలకొలది తరములు వేరుపడి బ్రతుకగా రెండు ప్రాణిజాతులుగ చీలిపోయినారని కథ. ఇది పరిణామవాదమును వర్గభేదమునకు జోడించిన అపూర్వమైన ఊహ. వెల్స్ తల్లి అప్‌పార్క్ అను జమీందారీ భవనములో ఇంటిపని పర్యవేక్షించిన నౌకరు. ఆ భవనములో నౌకర్ల రాకపోకలకు నేలక్రింద సొరంగములు ఉండినవి. వెల్స్ తాను కూడ బట్టలకొట్టులో పని నేర్చుకొనుచు అవస్థపడినాడు. క్రింది బ్రతుకు తెలిసినవాడే.

మరి క్రింది జాతిని ఎట్లు చిత్రించినాడు? వారికి మాట లేదు, పేరు లేదు. పాలిపోయిన దేహములు, చీకటిలో మెరయు కండ్లు. పైవారిని తినివేయుదురు. ప్రయాణికుడు ఎలాయ్ పడుచు వీనాను చూచి జాలిపడును. మార్‌లాక్‌ల తలలు ఇనుపకడ్డీతో పగులగొట్టును. 1903లో ఫేబియన్ సోషలిస్టు సంఘములో చేరిన రచయిత కథలో కార్మికుడు రాక్షసుడగుట చిత్రమే. సోషలిజమును వెల్స్ విద్యావంతులు పైనుండి నడుపవలసిన ఏర్పాటుగ భావించినాడు. క్రిందినుండి వచ్చుదానిని చూచి జంకినాడు. 1908లో ఆ సంఘమును కూడ విడిచినాడు. మరొక ముచ్చట: 1920లో ఆయన రష్యాకు పోయి లెనిన్‌ను కలిసికొన్నాడు. దేశమంతట విద్యుద్దీపములు వెలిగింతుమని లెనిన్ చెప్పగా, కాలయంత్రమును ఊహించిన ఈ మహాకల్పకుడు నమ్మలేక, ఆయనను స్వాప్నికుడని వ్రాసినాడు!

ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ పని ఇంతకన్న తేలిక. ఆయన జలాంతర్గామి నాయకుడు నీమో బుందేల్‌ఖండ్ రాజకుమారుడు, 1857 తిరుగుబాటులో పోరాడినవాడు అని 1875 నాటి నవలలో బయటపడును. మొదట వెర్న్ వానిని రష్యామీద కసిగల పోలండు దేశస్థునిగ తలపోసినాడు. రష్యాలో పుస్తకములు అమ్ముడుపోవని ప్రకాశకుడు ఒప్పుకొనలేదు. అణగిన జాతివాని చేతికి విజ్ఞానమే ఆయుధమైన ఆ పాత్రను చూచి భారతీయ పాఠకుడు గర్వింపవచ్చును, కాని అంగడి లెక్క కూడ అందులో కలిసియున్నదని మరువరాదు.

అమెరికాలో ఐజాక్ అసిమావ్ రోబోను మచ్చిక చేసినాడు. ఆయన పుట్టిన యేడు 1920. చాపెక్ నాటకము వ్రాసిన యేడు కూడ అదే. 1942 మార్చిలో వెలువడిన ఒక కథలో ఆయన మూడు సూత్రములు పెట్టినాడు. రోబో మనిషికి హాని చేయరాదు, హాని జరుగుచుండగ ఊరకుండరాదు. ఆ సూత్రమునకు భంగము లేనంతవరకు మనిషి ఆజ్ఞను పాలింపవలెను. ఆ రెండింటికి అడ్డురానంతవరకే తన ప్రాణమును కాపాడుకొనవలెను. విద్యార్థులు వీనిని భద్రతా నియమములుగ వల్లించుచుందురు. వరుస చూడుడు. దొర క్షేమము మొదటిది, దొర మాట రెండవది, తన ప్రాణము చివరిది. ఇంత నిర్దుష్టముగ వ్రాసిన వెట్టి శాసనము ఏ సంస్థానములోను లేదు. అసిమావ్‌కు ఈ సంగతి తట్టకపోలేదు. 1976లో వ్రాసిన ద్విశతవర్ష మానవుడు అను పెద్దకథలో ఆండ్రూ అను రోబో కొయ్యబొమ్మలు చెక్కి డబ్బు కూడబెట్టి, న్యాయస్థానము ద్వారా స్వేచ్ఛ సంపాదించును. ఆ పిదప త్రోవలో ఇద్దరు పోకిరీలు బట్టలు విప్పుమని ఆజ్ఞాపింతురు. రెండవ సూత్రము వాని మెదడులోనే ఉన్నది గనుక విప్పక తప్పదు. నిజాము ప్రభుత్వము కాగితము మీద వెట్టిని నిషేధించిన తరువాత కూడ గడీలలో చాకిరి ఆగలేదు. అసిమావ్ ఈ ఒక్క ఘట్టములో ఆ వ్యత్యాసమును పట్టుకొన్నాడు.

వీరందరికన్న భిన్నమైన దారి పట్టినది బెంగాలుకు చెందిన రొకెయా సఖావత్ హొసేన్. ఆమె ఆంగ్లములో వ్రాసిన సుల్తానా స్వప్నము అను కథ 1905లో మద్రాసునుండి వెలువడు ఇండియన్ లేడీస్ మ్యాగజైన్ అను పత్రికలో అచ్చయినది. దాని సంపాదకురాలు కమలా సత్యనాథన్ గారు తెలుగు కుటుంబమున పుట్టిన విదుషీమణి. కథలోని స్త్రీరాజ్యములో పొలములు విద్యుత్తుతో దున్నబడును, వంట సూర్యుని వేడితో అగును, మేఘములనుండి నీటిని బెలూనుల ద్వారా దింపుకొందురు. కచేరీ పని దినమునకు రెండు గంటలే. యంత్రము ఇక్కడ యజమాని లాభమునకు కాక, అందరి విశ్రాంతికి ఉపయోగపడినది. 1905లో సూర్యశక్తిని గూర్చి ఇట్లు వ్రాసినవారు అరుదు. ఐనను పిల్లలను చూచుట, ఇంటిపని చేయుట మిగిలినవి గదా. వానిని ఘోషాలో ఉంచిన పురుషులకు అప్పగించినది. అది ఎగతాళి అని తెలియుచునే ఉన్నది. లోకములో స్త్రీ చేయుచున్న వెట్టిని తలక్రిందులు చేసి చూపుట ఆమె ఉద్దేశము. శాస్త్రము ఎంత పెరిగినను ఎవరో ఒకరి చేతికి మిగిలిపోవు పని ఉన్నదని ఆమె చూచినట్లు వెల్స్ చూడలేదు.

తెలుగువారి సంగతి వేరుగ నడచినది. వెట్టిని గూర్చిన మన కథ యంత్రముల వేషము వేసికొనలేదు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు 1947లో మా భూమి నాటకమును నేరుగ వ్రాసినారు. వైజ్ఞానిక కల్పన మాత్రము మన వెండితెరమీద వేరు త్రోవ త్రొక్కినది. 1991లో సింగీతము శ్రీనివాసరావు గారు తీసిన ఆదిత్య 369లో కాలయంత్రము కృష్ణదేవరాయల కొలువునకు పోవును, 2504లో అణుధూళికి జడిసి నేలక్రింద బ్రతుకు మానవులను చూపును. చూడముచ్చటైన చిత్రమే. కాని దాని చూపు కొలువుమీద, వజ్రముమీద నిలిచినది. వెల్స్ యంత్రమును తెచ్చుకొని వెల్స్ ప్రశ్నను అక్కడనే విడిచివచ్చినది. 2024 నాటి కల్కి 2898 ఏ.డి. ఆ ప్రశ్నను మరల తెచ్చినది. ఎండిన కాశీ క్రింద, నీరు పచ్చిక గల కాంప్లెక్సు పైన. మెట్టు ఎక్కవలెనన్న లక్షలలో యూనిట్లు చెల్లింపవలెను. ఐతే అడ్డుగోడను కూల్చు భారమును చిత్రము అవతారపురుషుని రాకకు వాయిదా వేసినది.

త్రిపురారము ప్రాంతములో ఈ చర్చ పుస్తకమునకు పరిమితము కాదు. వెట్టి పోరాటము ముగిసిన నాలుగేండ్లకు, 1955 డిసెంబరు 10న, నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. ఆ ఆనకట్ట రాతికట్టడము; వేలాది కూలీలు తట్టలతో మోసి కట్టినారు. అది కూలికి చేసిన పని, వెట్టి కాదు. 1967లో నీరు వదలిన తరువాత ఎడమకాలువ క్రింద వరి పండినది. ఆ పొలములలో నేడు వరికోత యంత్రము దాదాపు గంటసేపటిలో ఎకరము కోసి నూర్చివేయును. కొడవలి పట్టిన చేతులకు నడుము నొప్పి తప్పినది. కోత నాళ్ళ కూలి కూడ తప్పినది.

ఆర్.యు.ఆర్.లో ఈ రెండవ సంగతి ఉన్నది. రోబోల వలన పని పోయిన కూలీలు వానిని పగులగొట్టినారని, అప్పుడు రోబోల చేతికే ఆయుధములిచ్చి ఆ కూలీలను చంపించినారని నాటకములో ఒకరు చెప్పుదురు. అది చెప్పగా వినుటయే. నిర్వాహకులు, వైద్యుడు, ఇంజనీరు, ఇంటి దాది, రోబోలు అందరును రంగస్థలము మీదికి వత్తురు. పని పోయిన ఆ కూలివాడు ఒక్కడు కూడ రాడు. నూరేండ్లు దాటినను వాని పాత్ర ఖాళీగనే ఉన్నది. దానిని వ్రాయుటకు కావలసిన మాటలు ప్రాగ్‌లో కన్న సాగరు ఎడమకాలువ గట్టున ఎక్కువ దొరకును.