ఉప్పుగాలిలో పాత జీపు

నెల్లూరు తీరంలో పాత జీపు కొనబోయేవాళ్ళు మొట్టమొదట చెయ్యాల్సిన పని దాని కింద పడుకోవడం. ఒక గోనెపట్టా పరుచుకుని, టార్చిలైటు, చిన్న సుత్తి చేతబట్టుకుని, ఛాసిస్‌ని ముందు బంపరు నుంచి వెనక కొక్కెం దాకా జానెడు జానెడుగా చూడాలి. బానెట్ మీద మెరిసే రంగు, కొత్తగా కుట్టించిన సీట్లు, లావుపాటి టైర్లు అన్నీ ఆ తర్వాతే. "పైన చూడబాకండి సార్, కింద చూడండి" అని ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి చెప్పిన మాట నాకు వేదవాక్కు. కృష్ణపట్నం, మైపాడు, కోడూరు, ఇస్కపల్లి, తుమ్మలపెంట, రామాయపట్నం... ఈ బారునా ఎక్కడైనా గాలిలో ఉప్పు ఉంది. రొయ్యల గుంటల్లో ఏరేటర్లు చిమ్మే తుంపరలోనూ ఉప్పే. అది ఇనుమును లోపల్నుంచి తింటుంది. పై రంగు చెడేసరికి లోపలి రేకు ఎప్పుడో పోయి ఉంటుంది.

ఈ బండ్లు మన ఊళ్ళకు ఎలా వచ్చాయో కొంత తెలిస్తే ఏది కొనాలో తేల్చుకోవడం సులువు. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి దాదాపు 6,40,000 జీపులు చేశాయి. యుద్ధం అయిపోయాక మిగిలిన బండ్లు కొన్ని మన దేశంలోనే ఉండిపోయాయి. 1945లో మొదలైన మహీంద్రా సంస్థ 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం ప్రారంభించింది. తర్వాత ఇక్కడే తయారుచేసింది. 1952లో సమాజ వికాస పథకం వచ్చింది, 1959లో పంచాయతీరాజ్ వచ్చింది. అప్పట్నుంచి చాలాకాలం జీపు అంటే పల్లెల్లో సమితి జీపే. బీడీవో గారు దిగినా, టీకాల వాళ్ళు దిగినా, తుఫాను తర్వాత నష్టం రాసుకునేవాళ్ళు దిగినా అందులోంచే. కంకర రోడ్డు కూడా లేని తీరపు పాలేలకు ప్రభుత్వం నాలుగు చక్రాల మీద వచ్చిందంటే ఈ బండి పుణ్యమే. పాత జీపు మీద మక్కువను షోకుగా కొట్టిపారేసేవాళ్ళకు ఈ చరిత్ర గుర్తు చెయ్యాలనిపిస్తుంది.

మనకు ఎక్కువగా దొరికేది సీజే-3బీ వంశం. దాని బానెట్ ఎత్తుగా, పెట్టెలా ఉంటుంది. కారణం ఉంది. యుద్ధకాలపు 60 గుర్రాల ఇంజిన్‌లో వాల్వులన్నీ పక్కన ఉండేవి. దాని తర్వాత వచ్చిన హరికేన్ ఇంజిన్‌లో గాలి లోపలికి వచ్చే వాల్వులు పైకి వెళ్ళాయి, ఇంజిన్ ఎత్తు పెరిగింది, దానికోసం బానెట్ లేచింది. అమెరికాలో ఈ మోడల్ 1968తో ఆగిపోయింది. ఇక్కడ మాత్రం ఆ రూపం దశాబ్దాల పాటు సాగింది. ఆ తర్వాతివి 91 అంగుళాల వీల్‌బేస్ ఉన్న ఎంఎం 540, 550లు. సీజే-3బీది 80 అంగుళాలే. 2010లో వచ్చిన మొదటి థార్ కూడా ఈ ఇంటి బిడ్డే. డీజిళ్ళలో రెండు రకాలు కనబడతాయి. ఒకటి ఇంటర్నేషనల్ బి-275 ట్రాక్టర్ ఇంజిన్ వంశానిది, రెండోది ప్యూజో లైసెన్సుతో చేసింది. మొదటిది నాకు ఇష్టం. నెల్లూరు వరిపొలాల్లో ఆ ట్రాక్టర్లు దున్నని మడి లేదు కాబట్టి దాన్ని విప్పి బిగించగల చెయ్యి కోవూరులోనో బుచ్చిలోనో ఇంకా దొరుకుతుంది.

మిలిటరీ బండ్లు కావాలనేవాళ్ళు జోంగా కోసం వెతుకుతారు. నిస్సాన్ పెట్రోల్ మోడల్‌ను ఆధారం చేసుకుని జబల్‌పూర్‌లో 1969 నుంచి 1999 దాకా చేసిన బండి అది. నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్. దాని గొంతు వినడానికి బాగుంటుంది, దాని దాహం తీర్చడానికి జేబు బరువుగా ఉండాలి. 1985లో వచ్చిన మారుతి జిప్సీ తేలిక బండి. ఇసుకలో తేలికే బలం కనుక మన తీరానికి బాగా నప్పుతుంది. కానీ దాని రేకు పలచన, ఉప్పుకు త్వరగా లొంగుతుంది.

ఇక బండి కిందికి వద్దాం. సుత్తితో ఛాసిస్ మీద మెల్లగా తడుతూ పోతే గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట, పుట్టీ పూసి రంగేసినచోట మొద్దుగా పలుకుతుంది. చిన్న అయస్కాంతం జేబులో ఉంటే ఇంకా మంచిది. పుట్టీ మీద అది నిలవదు. కమాన్ కట్టలు ఛాసిస్‌కు తగులుకునే బ్రాకెట్లు, అడ్డకమ్మీలు, బాడీ బోల్టులు కూర్చునే చోట్లు ముఖ్యం. అక్కడ ఇసుక చేరి తేమ పట్టి ఉంచుతుంది. యుద్ధకాలపు విల్లీస్ అయితే నేలరేకు కిందున్న టోపీ ఆకారపు కమ్మీలను వేలితో తడిమి చూడండి. బలం కోసం వాటి లోపల కొయ్యబద్దలు పెట్టేవాళ్ళు. ఆ కొయ్య నీళ్ళు పీల్చి రేకును కుళ్ళబెట్టేస్తుంది.

ముందు చక్రాల వెనక గుండ్రటి ఉక్కు గోళాలు కనబడతాయి. చక్రం తిరిగేది వాటి మీద. గోళం చుట్టూ ఉన్న సీలు గ్రీజును లోపల ఉంచుతుంది, నీళ్ళను బయట ఉంచుతుంది. గోళం మీద తుప్పు గుంటలు పడితే ఎన్ని కొత్త సీళ్ళు వేసినా చిరిగిపోతాయి, ఉప్పునీళ్ళు లోపలి జాయింటులోకి దారి చేసుకుంటాయి. సముద్రం దగ్గర తిరిగిన బండికి ఇది పెద్ద ఖర్చు. బేరానికి ముందే చూసుకోవాలి. తర్వాత ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ కదపమని, మీరు కింద నుంచి టై రాడ్ కీళ్ళు, మధ్యలో ఉన్న బెల్‌క్రాంక్ గమనించండి. చెయ్యి కదిలిన తర్వాత చక్రం ఎంత ఆలస్యంగా కదిలితే అంత అరుగుదల. కింగ్‌పిన్ బేరింగులు అరిగిన జీపు హైవే మీద కాస్త వేగం అందుకోగానే ముందు చక్రాలు గజగజ వణుకుతాయి.

నాలుగు చక్రాలూ నిజంగా లాగుతాయా? జీపు రూపం ఉన్నవన్నీ ఫోర్‌వీల్ కావు. మన రోడ్ల మీద షేర్ సర్వీసుకు తిరిగిన వాటిలో చాలావాటికి ముందు ఉత్త ఇరుసే. ముందు హౌసింగ్‌లో గుండులా ఉబికిన గేరుపెట్టె, దానికి వచ్చే జాయింట్ షాఫ్ట్ ఉన్నాయో లేదో చూడండి. ఉంటే ముందు రెండు చక్రాలనూ జాకీతో లేపి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టి, హబ్ లాకులుంటే బిగించి, ఫోర్‌వీల్ లివరు వెయ్యండి. ఇప్పుడు ఒక ముందు చక్రాన్ని చేత్తో తిప్పితే రెండోది ఎదురు దిక్కుకు తిరగాలి, ముందు షాఫ్ట్ మాత్రం కదలకూడదు. షాఫ్ట్ తిరిగిందంటే లివరు వేసినా లోపల గేరు పడలేదన్నమాట.

కాగితాల సంగతి కూడా ఇంత శ్రద్ధగా చూడాలి. ఛాసిస్ మీద కొట్టిన నంబరును గరుకు కాగితంతో రుద్ది, ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోల్చండి. పెట్రోలు ఇంజిన్ తీసి మాటడోర్ డీజిల్ వేసిన జీపులు కొల్లలు. ఆ మార్పు ఆర్సీలోకి ఎక్కిందా లేదా అన్నది ప్రశ్న. తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. మండీ డబ్వాలీలో రూపం మార్చుకుని లారీ మీద దిగే తళుకుబెళుకుల జీపులు కొనే కుర్రవాళ్ళు ఇది ముందు తెలుసుకోవాలి. 15 ఏళ్ళు దాటిన సొంత బండికి ఫిట్‌నెస్ చూపించి, అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 2021 జులైలో వింటేజ్ నిబంధనలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు నిండి, అసలు రూపంలోనే ఉన్న బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. అయితే అది ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనానికి మాత్రమే రోడ్డెక్కాలి. ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని మైపాడు పోవాలనుకునేవాళ్ళు మామూలు రిజిస్ట్రేషన్‌ను కాపాడుకోవడమే మేలని నా అభిప్రాయం.

విడిభాగాలకు ముందు ఆటోనగర్, అక్కడ లేకపోతే మద్రాసు పుదుపేట. నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే సాయంత్రానికి గేరుపెట్టెతో తిరిగి రావచ్చు. దొరకని బుష్షును లేత్ మీద తిప్పించుకోవచ్చు. ఈ బండి విలువ నాకు తెలిసినంతలో ఇక్కడే ఉంది. దీనిలో మన ఊరి మనిషి చేత్తో అందుకోలేని భాగమంటూ లేదు. కంప్యూటరు పెట్టె లేదు, మూసేసిన గుట్టు లేదు. ఏ శబ్దం ఎక్కడ్నుంచి వస్తోందో ఓపిక ఉంటే పదేళ్ళ పిల్లకైనా నేర్పవచ్చు. మేస్త్రి పక్కన కూర్చుని స్పానర్లు అందిస్తూ నేర్చుకునే ఈ విద్యను పుస్తకాలు పూర్తిగా ఇవ్వలేవు. పాత జీపు కొన్నవాళ్ళు బండిని షెడ్డులో వదిలేసి ఇంటికి వెళ్ళిపోకుండా అక్కడే నిలబడాలని నేను పట్టుబట్టేది అందుకే.

నడపడంలో ఉన్న అసలు ఆనందం నెమ్మదిలో ఉంది. సీజే-3బీలో గేరుపెట్టె మొదటి గేరు, లో రేంజ్, ఇరుసు గేరు మూడూ కలిస్తే ఇంజిన్ దాదాపు 37 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. మనిషి నడకకన్నా మెల్లగా, యాక్సిలరేటర్ తొక్కకుండా, బండి దానంతట అది ఎగుడుదిగుడు గట్టు దాటుతుంది. బలం వేగంలో ఉందనుకునేవాళ్ళు ఒకసారి ఇందులో కూర్చుంటే చాలు.

అయితే తారురోడ్డు మీద ఫోర్‌వీల్ వెయ్యకండి. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. ఈ జీపుల్లో ముందు వెనకల మధ్య ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు. ఇసుకలో అయితే టైరు కాస్త జారి ఆ తేడా తీరిపోతుంది. తారు మీద జారదు కాబట్టి మెలి అంతా గేర్లలో బిగుసుకుపోతుంది, లివరు బయటికి రాదు. అలా పట్టేస్తే కొట్టి లాగకుండా, నేరుగా కొన్ని గజాలు వెనక్కి పోనిస్తే వదులవుతుంది.

ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి తగ్గించాలి. రోడ్డు మీద 28, 30 పౌండ్లు ఉండేదాన్ని 15కు తెస్తే టైరు చప్పిడిగా పొడుగ్గా పరుచుకుని బరువును పంచుతుంది. సరుగుడు తోటల మధ్య ఉండే పొడి ఇసుక అన్నిటికన్నా మోసకారి. అందులో ఆగకుండా ఒకే ఊపున పోవాలి, మలుపు వెడల్పుగా తీసుకోవాలి, ఆగాల్సివస్తే బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలేసి దానంతట అది ఆగనివ్వాలి. బ్రేకు వేస్తే చక్రాల ముందు ఇసుక గుట్టపడుతుంది, మళ్ళీ కదలడానికి అదే గోడ. చక్రాలు తిరుగుతూ బండి కదలకపోతే వెంటనే ఆపెయ్యండి. ఇంకో క్షణం తొక్కితే ఇరుసు దాకా దిగుతుంది. వచ్చిన గాడిలోనే వెనక్కి రావడం మొదటి ఉపాయం. అది కుదరకపోతే పారతో చక్రాల ముందు వాలుగా తవ్వి, పలకలో తాటాకులో పరిచి తీయాలి. ఒంటరిగా మాత్రం పోకండి. తాడూ, రెండో బండీ ఉండాలి.

అల తడిపిన ఇసుక గట్టిగా, రోడ్డులా కనిపిస్తుంది. పెన్న సముద్రంలో కలిసే ఊటుకూరు వైపు, కాలువలు కలిసే చోట్ల ఆ నమ్మకం పనికిరాదు, పైపొర కింద బురద ఉంటుంది. బకింగ్‌హామ్ కాలువ గట్ల నల్లమన్ను కూడా అంతే. 1876-78 కరువులో కూలీలు కొంతమేర తవ్విన ఈ కాలువ పక్కన నేల ఎక్కడ బండిని మోస్తుందో ఆ పాలెం వాళ్ళకే తెలుసు. పట్టపుపాలెంలో, అంటే జాలర్ల పల్లెలో, దిగి, అక్కడి పెద్దకాపును అడిగి, వలలు ఆరేసిన చోటు తప్పించి, వాళ్ళ ట్రాక్టర్లు పడవలు లాగే దారినే పోవడం మర్యాద, క్షేమం కూడా. ఇసుకదిబ్బలు ఎక్కకండి. 2004 సునామీ చూసిన తీరంలో దిబ్బల విలువేమిటో చెప్పనక్కర్లేదు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రులు సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. ఆ నెలల్లో తీరం మీద బండి తిప్పే హక్కు మనకు లేదనే నేను అనుకుంటాను. జీపును కాలువ వంతెన దగ్గర ఆపి నడిచిపోతే సరిపోతుంది.

తిరిగి వచ్చాక పని మళ్ళీ బండి కిందే. ఆ రోజే మంచినీళ్ళతో, పైన కన్నా కింద ఎక్కువసేపు, ఛాసిస్ కన్నాల్లోకి పైపు పెట్టి కడగాలి. ఎండలో ఆరాక కమాన్ కట్టలకు, బ్రాకెట్లకు నూనె పట్టించాలి. గ్రీజు నిప్పిళ్ళన్నిటికీ పాత గ్రీజు బయటికి ఉబికి వచ్చేదాకా గన్‌తో కొట్టాలి, పాతదానితో పాటు ఉప్పూ ఇసుకా వచ్చేస్తాయి. ఇరుసు నూనె చుక్క వేలి మీద వేసుకుని చూడండి. పాలరంగుకు తిరిగితే నీళ్ళు చేరినట్టు, మర్నాడే మార్చాలి. టైర్లలో గాలి మాత్రం ఇసుక దాటి తారురోడ్డు ఎక్కేముందే మళ్ళీ 30కి నింపుకోవాలి. డ్రమ్ములు తడిసి ఉంటాయి కనుక ట్రంకురోడ్డు ఎక్కేముందు మెల్లగా పోతూ బ్రేకు పట్టేదాకా నాలుగైదు సార్లు తొక్కి చూసుకోవాలి.