వెతికే వేళ్లు

స్కానింగ్ ఫొటోను మురిపెంగా చూసుకునే మనం, పొట్ట తడిమి చూసే ఏఎన్‌ఎం చేతులను అంతగా పట్టించుకోం. నెలలు నిండుతున్న గర్భిణిని ఆమె ముందుగా బాత్‌రూమ్‌కు వెళ్లి రమ్మంటుంది. మూత్రాశయం నిండి ఉంటే చేతికి అందే లెక్క తప్పుతుంది. ‘‘మోకాళ్లు మడిచి పడుకో తల్లీ’’ అంటూ అరచేతులు రుద్దుకుని వెచ్చబరుస్తుంది. చల్లటి చెయ్యి పడితే పొట్ట బిగుసుకుంటుంది మరి! మొదట గర్భాశయం పైభాగం. అక్కడ మెత్తగా, వెడల్పుగా తగిలితే బిడ్డ పిరుదులు. గట్టిగా, గుండ్రంగా ఉండి కదిపితే విడిగా కదిలేది తల. తర్వాత పక్కలు: ఒక చెయ్యి ఆనించి ఉంచుతుంది, రెండోది వెతుకుతుంది. నున్నగా సాగేది వీపు, ఎదుటివైపు గడ్డల్లా తగిలేవి కాళ్లూ చేతులూ. చివరికి తల్లి పాదాలవైపు తిరిగి, రెండు చేతుల వేళ్లనూ పొత్తికడుపు మీద నెమ్మదిగా లోపలికి నొక్కి, తల కిందికి దిగిందో లేదో చూస్తుంది. వీపు దొరికిన వైపే ఫీటోస్కోపు పెడుతుంది. గుండె చప్పుడు అక్కడే బాగా వినిపిస్తుంది, నిమిషానికి 110 నుంచి 160 సార్లు.

కొద్ది నిమిషాల పని, కరెంటు అక్కర్లేదు. నెలలు నిండేసరికి నూటికి ముగ్గురు నలుగురు బిడ్డలు ఎదురుకాళ్లతో ఉంటారు. 36 వారాలకు అనుమానం వచ్చిందా, వెంటనే స్కానింగ్‌కు రాస్తుంది. నొప్పులు మొదలవకముందే పెద్దాసుపత్రి ఖాయమవుతుంది. కొందరు ఏఎన్‌ఎంలైతే తల్లి చేతిని పట్టుకుని బిడ్డ వీపు మీద పెట్టిస్తారు కూడా. ఈసారి పరీక్షకు వెళ్తే బిడ్డ ఎటు తిరిగి ఉందో అడగండి, చూపిస్తారు.