వడ్లగింజ అడిగే ప్రశ్న

(ముందుమాట)

నారుమడికి వడ్లు నానబోసిన రోజు మా ఇంట్లో పిల్లలకు పండగే. ఒక రాత్రీ పగలూ నానిన వడ్లను నీళ్లు వాడ్చి, గోనెసంచిలో పోసి, గడ్డి కప్పి, పైన బరువు పెట్టి మండె కట్టేవారు. మర్నాడు నాన్నగారు సంచి మూతి విప్పి "చెయ్యి పెట్టి చూడరా" అనేవారు. లోపల జ్వరమొచ్చిన ఒంటిలాంటి వేడి. పొయ్యి లేదు, ఎండ తగల్లేదు. మరి ఆ వేడి ఎక్కడిది? ఆ ప్రశ్నే నన్ను జీవశాస్త్రంలోకి లాక్కొచ్చింది. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న ఈ రచయిత్రి రాతప్రతి తెచ్చి ఇచ్చినప్పుడు, మొదటి అధ్యాయంలోనే ఆ వేడి మళ్లీ నా చేతికి తగిలింది.

1943 ఫిబ్రవరిలో డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో భౌతిక శాస్త్రవేత్త ఎర్విన్ ష్రోడింగర్ 'జీవం అంటే ఏమిటి?' అంటూ ఉపన్యాసాలిచ్చాడు. మరుసటి ఏడు అవి పుస్తకమయ్యాయి. దేన్నైనా దాని మానాన వదిలేస్తే చెదిరిపోతుంది, చల్లారిపోతుంది. జీవి మాత్రం చుట్టూ ఉన్న క్రమాన్ని ఆహారంగా తీసుకుని తన క్రమాన్ని నిలుపుకుంటుంది. అందుకు చెల్లించే వెలలో వేడి ఒకటి. మండెలో గింజ పిండి చక్కెరగా మారి, ఊపిరిలో ఖర్చవుతుంది. కొంత శక్తి ఏటీపీ అనే అణువులో చేరితే మిగిలింది వేడిగా పోతుంది. 1929లో ఆ అణువును జర్మనీలో లోమన్ వెలికితీశాడు. విడిగా హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి వెలికితీసింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. రచయిత్రి ఈ సంగతిని గొప్ప కోసం చెప్పలేదు, వాదంలో దాని చోట దాన్ని నిలబెట్టింది.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఉప్పుడు బియ్యం ప్రస్తావన. ఒకే రాశిలోంచి రెండు దోసిళ్ల వడ్లు తీయండి. ఒక దోసిలి ఉడకబెట్టి ఆరబెట్టండి. రెండింటిలోనూ దాదాపు అంతే కార్బన్, అంతే నత్రజని. ఒకటి మొలుస్తుంది, రెండోది మొలవదు. పోయింది పదార్థం కాదు, అమరిక. ఎంజైముల మడతలు విడిపోయాయి, కణాల పొరలు చిరిగాయి. జీవం ఒక వస్తువు కాదు, ఆగకుండా సాగే పని అని ఆమె అంటుంది. ఈ పుస్తకానికి వెన్నెముక ఈ మాటే. చిలీ శాస్త్రవేత్తలు మతురానా, వరేలా 1970ల మొదట్లో దీనికే 'ఆటోపోయెసిస్' అని పేరు పెట్టారు. సంస్కృత సమాసం కోసం వెతక్కుండా ఆమె దాన్ని 'తన్ను తాను కట్టుకోవడం' అంది. మేస్త్రీకీ అర్థమయ్యే తెలుగు అది.

అయితే గాదెలోని ఎండుగింజ మాటేమిటి? దానిలో పని దాదాపు ఆగిపోయి ఉంటుంది, అయినా అది చచ్చింది కాదు. 1935లో స్టాన్లీ స్ఫటికాలుగా విడదీసిన పొగాకు వైరస్ సీసాలో ఉప్పులా పడి ఉంటుంది, ఆకుకు తగిలితే వేలకు వేలవుతుంది. ఇలాంటి చోట్ల తన నిర్వచనం తడబడుతుందని రచయిత్రి ఒప్పుకుంది. ఆ నిజాయితీని నేను ఆమె పాండిత్యం కన్నా ఎక్కువగా గౌరవిస్తాను.

చివరి అధ్యాయం హాల్డేన్ గురించి. తొలినాటి సముద్రాల్లోని రసాయనాల నుంచే జీవం పుట్టి ఉంటుందని 1929లో రాసిన ఆ మహానుభావుడు భారత పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. అవయవాలన్నీ ఉన్నాయి, పని ఆగింది. ఆ దేహం ముందు మన పిల్లలు కత్తి పట్టి దేహనిర్మాణం నేర్చుకున్నారు. ఆ పేజీల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఒక్క సూచన. వైరస్ అధ్యాయం మలి ముద్రణలో పెరగాలి. దానికి ఇంకా చోటుంది.

చదువరులకు నా మనవి ఒకటే. ఈసారి మండె కట్టినప్పుడు ఇంట్లో పిల్లల్ని పిలిచి సంచిలో చెయ్యి పెట్టించండి. వాళ్లు అడిగే ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకండి. కాస్త పెద్దయ్యాక ఈ పుస్తకం చేతికివ్వండి.

అమ్మా, నీ కలం చల్లగా ఉండాలి.

శుభాశీస్సులతో,
నీ పాత మాస్టారు