సున్నం వెనుక బట్టీ

వరంగల్ కోటలోని ఖుష్ మహల్‌ను షితాబ్ ఖాన్ కట్టించాడా, తుగ్లక్ కాలానిదా అని చరిత్రకారులు వాదించుకుంటారు. వాలుగా లేచిన ఆ గోడల్ని చూసినప్పుడల్లా నాకు ఇంకో ప్రశ్న వస్తుంది: ఇంత సున్నం కాల్చినవాళ్లెవరు? డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ కలిపేవారని గొప్పగా చెప్పుకుంటాం. ఆ కథ సున్నం రుబ్బే గానుగ దగ్గర మొదలవుతుంది. కష్టం అంతకుముందే, బట్టీ దగ్గర ఉంది.

సున్నపురాయినీ కట్టెలనూ పొరలుగా పేర్చి నిప్పు పెడతారు. వేడి 900 డిగ్రీల దాకా పోతే గానీ రాయి సున్నం కాదు. వంద కిలోల మేలైన రాయి కాలిస్తే చేతికొచ్చేది 56 కిలోలే. మిగతా 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై, కాల్చేవాళ్లు పీల్చే గాలిలోకే పోతాయి. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. గాలి కన్నా బరువు కాబట్టి పల్లంలో పేరుకుంటుంది. చలికి బట్టీ పక్కన పడుకున్నవాళ్లు తెల్లారి లేవకపోవడం 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో రికార్డులకెక్కింది. కట్టె సరిగా కాలకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్ మరీ ప్రమాదం.

కాలిన రాయి చల్లారాక కూడా ఊరుకోదు. తడి తగిలితే సలసల మరుగుతుంది. చెమట పట్టిన ఒంటికి దాని దుమ్ము అంటితే చర్మం కాలుతుంది. కంట్లో పడితే లోపలికి తినుకుంటూ పోతుంది. దసరా ముందు ఇళ్లకు సున్నం వేసే రోజుల్లో, డ్రమ్ములో ఉడికే సున్నం దగ్గరికి పెద్దలు పిల్లల్ని రానిచ్చేవాళ్లు కాదు. ఆ భయం ఊరికే రాలేదు. పిల్లల కళ్లకయ్యే రసాయన గాయాలకు తమలపాకు సున్నం పొట్లాలు ముఖ్య కారణమని హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు రాశారు.

సిమెంటొచ్చి ఈ సున్నం కాల్చే పని పోయిందనుకోవద్దు. ఉక్కుకూ చక్కెరకూ నీటి శుద్ధికీ సున్నం కావాల్సిందే. పల్నాడులోని పిడుగురాళ్ల నేటికీ సున్నం బట్టీల ఊరే.

పాత కట్టడాల మరమ్మతుకు సిమెంటు వద్దు, సున్నమే వాడాలన్నది నా మాట కూడా. అయితే ఆ టెండర్లలో బెల్లం, కరక్కాయల పక్కనే కూలీలకు కళ్లద్దాలు, తొడుగులు, మాస్కులు, చేతికందే దూరంలో కుళాయి కూడా రాయాలి. సున్నం మీద నీళ్లు గుమ్మరించకుండా, నీళ్లలోనే కొద్దికొద్దిగా సున్నం వేయించే బాధ్యత మేస్త్రీది. ఎవరి కంట్లోనైనా పడిందా, నలపనివ్వొద్దు. ఆ క్షణమే కుళాయి కిందికి తీసుకెళ్లి, రెప్పలు విడదీసి కనీసం అరగంట కడగాలి. ఆసుపత్రికి పరుగు ఆ తర్వాతే.