పటిక నీళ్లలో దాగిన ఎరుపు

శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్ట మీద ఎరుపు దిద్దేటప్పుడు వాళ్ల కలంలో ఎరుపు ఉండదు, పటిక నీళ్లు ఉంటాయి. దిద్దిన చోటు కంటికి ఆనదు కాబట్టి గుర్తు కోసం అందులో కాస్త రంగు కలుపుకొంటారు, అంతే. ఆ బట్టను ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించి, సురుడుచెక్కో మంజిష్టో వేసిన కాగులో ఉడకబెడతారు. పటిక తాకిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట అంటిన మరక ఉతుకులకూ ఎండకూ పోతుంది. రంగు ఎక్కడ రావాలో తేల్చడం కలం పని, రంగు తెచ్చేది కాగు.

నలుపుకు ఇంకా ఓపిక కావాలి. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం కుండలో వేసి, నీళ్లు పోసి రోజుల తరబడి పులియబెడితే కసిమి తయారవుతుంది. బట్టను అంతకుముందే కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెట్టి ఉంచుతారు. పాలలోని కొవ్వు వల్ల గీత పాకదు. చింతపుల్లల బొగ్గుతో వేసుకున్న గుర్తుల మీద కసిమి నడిస్తే చాలు, కరక్కాయ వగరుతో ఇనుము కలిసి అక్కడికక్కడే నల్లబడుతుంది. కలం అంటే చెక్కిన వెదురుపుల్ల. మొనకు కాస్త పైన గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్టను వేళ్లతో ఎంత నొక్కితే అంత ద్రవం దిగుతుంది. చెయ్యి వణికితే ఇక అంతే, చెరపడమన్న మాట లేదు. పసుపుకు కరక్కాపువ్వు, నీలానికి నీలిమందు, ఆకుపచ్చకు ఆ రెండూ ఒకదాని మీద ఒకటి.

కలంకారీ అనగానే మనం పెద్ద కళ్ల దేవతలను, రామాయణ ఘట్టాలను తలుచుకుంటాం. బొమ్మలు గొప్పవే. కానీ ఈ విద్య ఆయువుపట్టు ఉతికినా వదలని ఆ రంగులో ఉందని నా అభిప్రాయం. ప్రపంచ రాజకీయాన్ని కదిపిందీ అదే. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో కొఠీ పెట్టింది 1611లో. మన తీరం నుంచి వెళ్లిన అద్దకం బట్టలకు ఐరోపాలో ఎంత మోజు పుట్టిందంటే, ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించి 1759 దాకా ఆ నిషేధాన్ని ఎత్తలేదు. ఇంగ్లండ్ 1700లో దిగుమతిని, 1721లో కట్టుకోవడాన్నే అడ్డుకుంటూ చట్టాలు చేసింది. మధ్యలో 1719లో లండన్ నేతగాళ్లు తమ పొట్ట కొట్టారన్న కోపంతో, ఆ అద్దకం బట్టల గౌన్లు తొడుక్కున్న ఆడవాళ్లను వీధుల్లో తరిమి బట్టలు చింపేశారు. వాళ్ల కడుపుమంట నిజమే, దాన్ని ఎవరి మీద తీర్చుకున్నారన్నదే సిగ్గుచేటు.

ఒకవైపు నిషేధం, మరోవైపు గూఢచర్యం. ఫ్రెంచి జెసూట్ మతబోధకుడు కుర్దూ, తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన పండితుడు, 1742లో మన అద్దకం పద్ధతిని వరసగా వివరిస్తూ స్వదేశానికి ఉత్తరం రాశాడు. క్రైస్తవంలో చేరిన అద్దకం పనివాళ్లను అడిగి రాబట్టిన సంగతులవి. ఆ తర్వాత ఐరోపా మిల్లులు మన బజారునే ముంచెత్తాయి.

1950ల్లో హస్తకళల ఉద్ధరణకు పూనుకున్న కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వెలిసేనాటికి పని తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వారిలో జొన్నలగడ్డ లక్ష్మయ్య ఒకరు. ఆయన కుమారుడు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఊళ్లో ఎన్నో ఇళ్లకు ఇదే బతుకుతెరువు.

సమకాలీన చిత్రకారుల్లో ఈ విద్యను లోతుగా వాడుకున్నవారిలో లావణ్య మణి పేరు చెప్పాలి. పుట్టింది హైదరాబాద్‌లో, చదివింది బరోడాలో. ఆమె నూలుబట్ట మీద సహజ రంగులతో కలంకారీ పద్ధతిలో ఓడలను, యాత్రికుల కథలను, వలసపాలకుల వర్తకాన్ని చిత్రిస్తారు. ఏ సరుకు కోసం ఆ ఓడలు వచ్చాయో ఆ సరుకు మీదే వాటి కథ నడుస్తుంది. కలంకారీ పూలను ఆక్రిలిక్‌లో దించి ‘సంప్రదాయ స్ఫూర్తి’ అని చీటీ తగిలించే పనికీ దీనికీ ఎంతో దూరం.

ఇందులో బతుకు లెక్క కూడా ఉంది. గ్యాలరీ గోడ మీది బట్టకు పేరుంటుంది. చీరకు ఉండదు. ఒకరు బొమ్మ గీస్తారు, నలుగురైదుగురు రంగు నింపుతారు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, కూలి పనిని బట్టి. వాళ్లు రోజుల తరబడి చేసిన చీర పక్కనే స్క్రీన్ ప్రింట్ చీర అదే పేరుతో, అంతకంటే చాలా తక్కువ ధరకు వేలాడుతుంది. ప్రింట్ కట్టుకోవడం తప్పేమీ కాదు, దాన్ని కలంకారీ అని అమ్మడమే మోసం. ఈసారి కొనేటప్పుడు దుకాణంలో దేవతల కళ్లు చూసి మురిసిపోకుండా, ‘ఎరుపుకు ఏం వాడారు, ఎన్నిసార్లు ఉతికారు?’ అని అడిగి చూడండి. పని తెలిసినవాళ్లయితే కరక్కాయ దగ్గర మొదలుపెట్టి చెబుతారు.