‘దర్జా’ ఎవరి మాట?

దర్జా అంటే హోదా, ఠీవి, ఆడంబరం అని అర్థాలు చెప్పుకుంటాం. కానీ ఆ మాట ఎవరి మీద పడుతుందో చూడకపోతే అర్థం తేలదు. చందూర్, వర్ణి, బోధన్ దిక్కు పటేలు కొడుకు ఇస్త్రీ అంగీ తొడిగితే ఎవరూ ఏమీ అనరు. అదే అంగీ మాదిగ పిలగాడు తొడిగి హోటల్ ముందర కుర్చీల కూసుంటే “ఏందిరో, మస్తు దర్జాగ కూసున్నవ్” అంటరు. వినడానికి అది మెచ్చుకోలే. దాని వెనుకున్న “లే” అన్న మాట వాడవాళ్లకే వినపడుతది.

ఈ మాట అరబ్బీ నుంచి ఫార్సీ, ఉర్దూల మీదుగా వచ్చింది. మూలంలో ‘దరజ’ అంటే మెట్టు, దాన్నుంచి శ్రేణి, తరగతి. (బట్టలు కుట్టే దర్జీకీ దీనికీ చుట్టరికం లేదు. అది కుట్టు అనే అర్థమున్న వేరే ఫార్సీ మాట నుంచి పుట్టింది.) మరి మెట్టు మన దగ్గరికొచ్చేసరికి అంగీ, చెప్పు, కుర్చీ, మీసం ఎందుకయింది? 1920 జనవరి 31న వచ్చిన ‘మూక్‌నాయక్’ తొలి సంచికలో అంబేద్కర్ హిందూ సమాజాన్ని నిచ్చెన లేని అంతస్తుల బురుజుతో పోల్చాడు. హోదాకు మనకున్న ఇంకో మాట కూడా ‘అంతస్తే’. ఎక్కే దారి లేని బురుజులో ఎవడు ఏ అంతస్తువాడో పోల్చుకోవడానికి ఒంటిమీది గుర్తులే దిక్కు. ఆ గుర్తు చెరిగితే పైవాడికి గాబరా పుడుతది.

అందుకే గుర్తుల మీద అంత కాపలా. 1928 నాటి ఇందోర్ (మన ఇందూరు కాదు) ఊళ్ల సంగతి అంబేద్కర్ ‘కుల నిర్మూలన’లో రాశాడు. బలాయీలు జరీ అంచు తలపాగా చుట్టొద్దు, రంగు అంచు ధోవతి కట్టొద్దు, వాళ్ల ఆడవాళ్లు వెండి బంగారాలు పెట్టొద్దు అని పైకులాల కట్టడి. 87 ఏండ్ల తర్వాత, 2015లో అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు దళితుల్ని సైకిలు, మోటారు సైకిలు ఎక్కనీయకపోవడం, చెప్పులు, కొత్తబట్టలు తొడగనీయకపోవడం, పెండ్లి ఊరేగింపులో గుర్రమెక్కనీయకపోవడం నేరాలని పేరుపేరునా రాయవలసి వచ్చింది.

దీన్ని మన పండితులు ‘సంస్కృతీకరణ’ అంటరు. ఎం.ఎన్. శ్రీనివాస్ ఇచ్చిన మాట అది. కింది కులం పై కులాన్ని అనుకరిస్తుందట. తెల్ల అంగీ ఎవరి తాతల సొత్తు, అనుకరించడానికి? అభ్యుదయ మిత్రులు ఇంకో అడుగు ముందుకేసి వస్తువ్యామోహమని తేల్చేస్తరు. గాంధీ 1921లో మదురైలో కొల్లాయికి దిగితే త్యాగం. విడవడానికి ఆయనకు బట్టలున్నయి. తరతరాలు గోచితోనే ఉంచబడ్డవాడు దేన్ని త్యాగం చెయ్యాలె? 1927లో మహాడ్‌లో అంబేద్కర్ స్త్రీలతో కులాన్ని పట్టిచ్చే బరువు నగలు తీసెయ్యమన్నాడు, చీర మిగతా స్త్రీల లెక్కనే కట్టమన్నాడు. ఒకటి విడవమన్నది, ఒకటి తొడగమన్నది కూడా ఆ గుర్తును చెరపడానికే. అనుకరణ సిద్ధాంతానికి ఇందులో సగమే కనిపిస్తుంది.

మా చెరుకు నేల సంగతికొస్తే, ఊర్ల ‘జీతముండుడు’ అంటే దొర ఇంట్ల పాలేరుతనం. శక్కర్‌నగర్ నిజాం షుగర్ ఫ్యాక్టరీలో (1937) అదే జీతం నెల తిరిగితే చేతికొచ్చే పైకం. అక్కడ కులం లేదని కాదు. కానీ కొలువుకు గ్రేడు అనేది ఒకటుంది. దర్జాకు మెట్టు అన్న పాత అర్థం కొందరికైనా దక్కిన చోటు అది. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి మూసేశారు. ఇప్పుడు కిస్తీల మీద బండి కొన్న పిలగాని దర్జా మీద వ్యాసాలు రాసేవాళ్లు, శక్కర్‌నగర్‌లో పోయిన దర్జా మీద ఎన్ని రాశారో చూపాలె.