దుమ్ము కొలిచేవారికి జీతం ఎవరిస్తారు?

రహదారి నిర్మాణంలో పర్యావరణ పర్యవేక్షణ అంటే పని సాగినంత కాలం అక్కడి గాలిని, నీటిని, నేలను, చప్పుడును, చెట్టుచేమను నిర్ణీత వ్యవధుల్లో కొలిచి, ఆ కొలతలను పని మొదలుకాక ముందు నమోదు చేసిన స్థితితో పోల్చి చూడటం. ముందుగా నమోదైన ఆ స్థితిని మూలస్థితి అంటారు. ఆడిట్ దీనికి పై మెట్టు. కొలిచామన్నవారు నిజంగా కొలిచారా, కొలవవలసిన చోట కొలిచారా, అనుమతి పత్రంలోని షరతులు నేల మీద అమలయ్యాయా అని, ఆ పనితో లాభనష్టాల సంబంధం లేని వ్యక్తి కాగితాలనూ స్థలాన్నీ పక్కపక్కన పెట్టుకుని చేసే పరీక్ష అది. రోడ్డు పనుల్లో ఈ రెండూ తరచుగా ‘ఎన్విరాన్‌మెంట్ రిపోర్టు’ అనే ఒకే మాట కింద కలిసిపోయి, బిల్లుకు జతపరిచే కాగితాల్లో ఒకటిగా మిగిలిపోతున్నాయి. కొలిచే పని, ఆ కొలతను నిలదీసే పని ఒకే చేతిలో ఉన్నంత కాలం రోడ్డు పక్క ఊరికి ఆ కాగితం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

ఒక కొలతను దగ్గరగా చూస్తే ఈ వృత్తికి ఎంత ఓపిక కావాలో తెలుస్తుంది. గాలిలోని సన్నని దుమ్మును, అంటే వ్యాసం 10 మైక్రాన్లకు మించని, పీల్చిన గాలితో పాటు లోపలికి పోయే కణాలను, పీఎం10 అంటారు. దాన్ని కొలిచే యంత్రం పైకప్పు ఉన్న చిన్న బీరువాలా ఉంటుంది; లోపలి మోటారు నిమిషానికి సుమారు 1.1 ఘనపు మీటర్ల గాలిని పీల్చి, గాజునారతో చేసిన తెల్లని వడపోత కాగితం గుండా పంపుతుంది. ఆ కాగితాన్ని ముందే తేమ లేని పెట్టెలో ఒక రోజు ఉంచి తూచి పెట్టుకోవాలి. యంత్రం 8 గంటలు నడిచాక దుమ్ము పట్టిన వైపు లోపలికి వచ్చేలా మడిచి, కవరులో పెట్టి, ప్రయోగశాలకు తెచ్చి, మళ్లీ తేమ పోగొట్టి తూచాలి. ఆ 8 గంటల్లో కాగితం గుండా పోయిన గాలి 528 ఘనపు మీటర్లు. కాగితం బరువు 53 మిల్లీగ్రాములు పెరిగిందంటే ఘనపు మీటరు గాలిలో దుమ్ము 100 మైక్రోగ్రాములు ఉన్నట్టు లెక్క, 2009 నవంబరులో ప్రకటించిన జాతీయ గాలి నాణ్యత ప్రమాణాల్లో 24 గంటల సగటుకు విధించిన పరిమితి కూడా అంతే. చిటికెడు ఉప్పు కన్నా తక్కువ బరువు మీద ఒక ఊరి గాలి గురించిన తీర్పు ఆధారపడి ఉంటుంది. కాగితం అంచు చిరిగినా, వేలి చెమట అంటినా, రెండోసారి తూచేటప్పుడు తేమ మిగిలినా ఆ తీర్పు మారిపోతుంది.

ఇంత జాగ్రత్తగా తూచినా, యంత్రాన్ని పెట్టిన చోటు తప్పయితే ఆ శ్రమంతా వృథాయే. నైరుతి నుంచి గాలి వీచే నెలల్లో, రోడ్డుకు నైరుతి వైపున్న బడి డాబా మీద యంత్రం పెడితే అది పొలాల మీదుగా వచ్చిన గాలిని కొలుస్తుందే తప్ప, టిప్పర్లు లేపిన దుమ్మును కొలవదు. ఆ దుమ్ము అవతలి పక్కనున్న ఇళ్ల వాకిళ్లలోకి పోతుంది. వేళ కూడా అంతే ముఖ్యం. నీళ్ల ట్యాంకరు బాటను తడిపి వెళ్లిన వెంటనే గాలి శుభ్రంగా ఉంటుంది, కానీ ఏప్రిల్, మే ఎండల్లో తడిసిన మట్టి బాట కొద్దిసేపట్లోనే పొడిబారి మునుపటిలా లేస్తుంది. అందువల్ల పని ఆగిన ఆదివారం, వాన కురిసిన మరుసటి ఉదయం, అధికారులు వస్తారని తెలిసిన రోజు తీసుకున్న నమూనాలు అబద్ధాలు కాకపోయినా, ఆ ఊరు పీల్చిన గాలికి సాక్ష్యాలు మాత్రం కావు. పట్టికలో అంకెతో పాటు ఆ రోజు గాలి దిశ, నడిచిన టిప్పర్ల సంఖ్య, తడిపిన వేళలు కూడా రాసి ఉంటేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది. చప్పుడు కొలతకూ ఇదే వర్తిస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతానికి ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా 55 డెసిబెల్స్, ఆ తర్వాత 45 డెసిబెల్స్ పరిమితి విధించాయి. డెసిబెల్ మామూలు కొలబద్ద లాంటిది కాదు, 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపైనట్టు. కాబట్టి 55 ఉండవలసిన చోట 58 నమోదైతే ‘మూడే కదా’ అని సరిపెట్టుకోవడం పొరపాటు.

కొలతలు తెలిసినవారే తప్పు చోట, తప్పు వేళలో ఎందుకు కొలుస్తారన్న ప్రశ్నకు గుజరాత్ ఫ్యాక్టరీల అనుభవం స్పష్టమైన జవాబిచ్చింది. ఆ రాష్ట్రంలో హైకోర్టు ఆదేశంతో ఏర్పడిన పద్ధతి ప్రకారం కాలుష్యం వెదజల్లే ఫ్యాక్టరీలు బయటి ఆడిటర్లను పెట్టుకుని ఏటా నివేదిక సమర్పించాలి. అయితే ఆడిటరును ఎంచుకునేదీ, జీతమిచ్చేదీ ఆ ఫ్యాక్టరీయే. ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికోలస్ రయాన్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలితో కలిసి, అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల్లోని 473 ఫ్యాక్టరీలతో ఈ పద్ధతిని పరీక్షించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. పాత పద్ధతిలోనే ఉంచిన ఫ్యాక్టరీల్లో 7 శాతమే పొగగొట్టాల దుమ్ము పరిమితి దాటాయని ఆడిటర్లు రాయగా, విడిగా తిరిగి కొలిచినప్పుడు 59 శాతం దాటినట్టు తేలింది. ఇంకా గమనించదగిన సంగతి ఏమిటంటే, ఆ నివేదికల్లోని అంకెలు పరిమితికి కొంచెం కిందనే గుంపుగా పేరుకున్నాయి. మిగిలిన ఫ్యాక్టరీలకు ఆడిటర్లను లాటరీ పద్ధతిలో కేటాయించి, జీతాన్ని ఉమ్మడి నిధి నుంచి చెల్లించి, కొన్ని కొలతలను వేరేవారితో మళ్లీ తీయించినప్పుడు నివేదికలు నిజానికి దగ్గరయ్యాయి. అంతేగాక, ఆ ఫ్యాక్టరీలు కాలుష్యాన్ని కూడా తగ్గించుకున్నాయి. ఆడిటర్లు వేరే లోకం నుంచి ఊడిపడలేదు, యంత్రాలూ మారలేదు. మారినది వారిని ఎవరు నియమిస్తున్నారు, ఎవరు జీతమిస్తున్నారు, ఎవరు సరిచూస్తున్నారు అన్నదే.

రోడ్డు పనులకు ఈ పాఠం నేరుగా తగులుతుంది. సాధారణంగా గాలి, నీరు, చప్పుడు కొలిచే ప్రయోగశాలను కుదుర్చుకునేది కాంట్రాక్టరే, ఖర్చు భరించేదీ ఆయనే. ప్రయోగశాలకు గుర్తింపు ఉండాలన్న నియమం మంచిదే గానీ, ఆ గుర్తింపు తూకం సరిగా వేయగలరని హామీ ఇస్తుందే తప్ప, వచ్చే నెల కూడా తమనే పిలవాలన్న ఆశను తీసివేయదు. 2025 ఆగస్టు 29న కేంద్రం ప్రకటించిన పర్యావరణ ఆడిట్ నిబంధనలు అర్హత పరీక్షించి నమోదు చేసిన ఆడిటర్లను, వారిని యాదృచ్ఛికంగా కేటాయించే పద్ధతిని ముందుకు తెచ్చాయి. ఇది సరైన దిశలో వేసిన అడుగే. రోడ్డు పనుల నెలవారీ కొలతలకు కూడా ఇదే సూత్రాన్ని వర్తింపజేసి, టెండరులోనే ఆ సొమ్మును విడిగా పక్కనపెట్టి, కాంట్రాక్టరు చేతి మీదుగా కాకుండా చెల్లించే ఏర్పాటు చేయడం కష్టమైన పని కాదు.

అనుభవమున్న ఆడిటరు మొదట నివేదిక అడగడు, రిజిస్టర్లు అడుగుతాడు. రోజుకు ఆరుసార్లు బాట తడిపామని నివేదికలో ఉంటే, ట్యాంకరుకు పోసిన డీజిల్ లెక్క, డ్రైవరు హాజరు, నీళ్లు తెచ్చుకోవడానికి తీసుకున్న అనుమతి ఆ ఆరు ట్రిప్పులతో సరిపోవాలి. తారు, కంకర కలిపి వేడిచేసే హాట్ మిక్స్ ప్లాంటుకు కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన నిర్వహణ సమ్మతి ఏ తేదీదో, తారు మొదటి లోడు ఏ తేదీన దిగిందో పక్కపక్కన పెట్టి చూడాలి. మార్చి ఎండల్లోనూ ఆగస్టు వానల్లోనూ దుమ్ము అంకె ఇంచుమించు ఒక్కటే ఉంటే, ఆ పట్టికను అక్కడికక్కడే పక్కనపెట్టి మళ్లీ కొలిపించాలి.

యంత్రంతో పని లేని కొలతలూ ఉన్నాయి, అవి యంత్రపు కొలతల కన్నా విలువైనవి. రోడ్డు కట్ట పోయడానికి మట్టి తవ్వే చోట సాగుకు పనికొచ్చే పై మట్టిని, సాధారణంగా 150 మిల్లీమీటర్ల మందాన, ముందుగా తీసి కుప్పగా భద్రపరిచి, తర్వాత కట్ట వాలుల మీదా, తవ్విన నేల మీదా పరచాలి. ఎకరం నేల మీద ఆ మందాన తీసిన మట్టి 600 ఘనపు మీటర్లకు పైగా ఉంటుంది. పదెకరాలు తవ్వినచోట 6,000 ఘనపు మీటర్ల కుప్ప కనబడాలి. అంత కుప్ప దాచినా దాగదు. అక్కడ లేదంటే ఏ ఇటుక బట్టీకో అమ్ముడుపోయి ఉండాలి, లేదా కట్ట అడుగున కలిసిపోయి ఉండాలి. టేపు పట్టుకుని ఒక పూట తిరిగితే తేలిపోయే ఈ విషయాన్ని చాలా నివేదికలు ‘పై మట్టిని భద్రపరిచారు’ అనే ఒక్క వాక్యంతో దాటేస్తాయి. తెలంగాణలో మొరం అన్నా, కోస్తాలో గ్రావెల్ అన్నా, తవ్విన గుంతలు వానాకాలంలో నిలువెత్తు నీళ్లతో నిండుతాయి. ఈతకు దిగిన పిల్లలు వాటిలో మునిగిపోయిన వార్తలు తెలుగు పత్రికల జిల్లా పేజీలకు కొత్త కావు. గుంత లోతు, అంచుల వాలు, చుట్టూ కంచె, పని ముగిశాక దాన్ని పూడ్చారా లేదా అన్నది గాలి నాణ్యత పట్టిక కన్నా ముందు పేజీలో ఉండాలి. రోడ్ల వంటి పొడవాటి పనులకు మామూలు మట్టి తవ్వుకోవడానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని 2020 మార్చి 28న కేంద్రం ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2024 మార్చి 21న కొట్టివేయడం ఈ గుంతల ప్రాధాన్యాన్ని గుర్తించిన తీర్పే.

హైదరాబాదు నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బాట ఈ వృత్తికి ఇప్పుడు ఒక పరీక్ష. ఆ బాటకు రెండు వైపులా నిలిచిన 900కు పైగా మర్రిచెట్ల కోసం ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. చాలా చెట్లను ఉన్నచోటే ఉంచి, కొన్నింటిని మాత్రమే తవ్వి వేరేచోట నాటే ఏర్పాటుతో 2025 చివర్లో విస్తరణకు దారి తెరుచుకుంది. రోడ్డు వెడల్పు కావడం అవసరమేనన్నదీ నిజమే, ఎందుకంటే అదే బాటలో 2025 నవంబరు 3న కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది ప్రాణాలు పోయాయి. ఒప్పందం కుదరడంతో చెట్టు బతికిపోదు; పర్యవేక్షణ అక్కడే మొదలవుతుంది. కొమ్మలు నరికి తరలించిన మర్రి, మొదటి వానకు చిగురిస్తుంది, ఎందుకంటే మానులో దాచుకున్న ఆహారమే ఆ చిగురును పుట్టిస్తుంది. కొత్త వేర్లు నేలను పట్టుకున్నాయో లేదో రెండు మూడు వేసవులు గడిచాకే తెలుస్తుంది. ఆరో నెలలో తీసిన పచ్చని ఫొటోతో ‘బతికింది’ అని ముగించే నివేదికను అంగీకరించకూడదు. ఉన్నచోటే ఉంచిన చెట్లకు ప్రమాదం వేరే రకంగా వస్తుంది: రోడ్డు పునాది కోసం ఎక్స్‌కవేటరు తొట్టి మాను పక్కనే దిగితే పక్క వేర్లు తెగుతాయి, రోలరు తొక్కిన నేలలో మిగిలిన వేర్లకు గాలి అందదు, చెట్టు ఆ ఏడు నిలబడి ఉండి రెండేళ్ల తర్వాత ఎండుతుంది. కాబట్టి ప్రతి చెట్టుకూ ఒక నంబరు, మాను నుంచి తవ్వకం ఎంత దూరంలో ఆగిందో ఒక కొలత, ఏటా ఒకే నెలలో ఒకే వైపు నుంచి తీసిన ఒక ఫొటో ఉండాలి.

కట్టినదాన్ని వదిలేయకుండా తర్వాత కూడా చూసినప్పుడు ఏమి తెలుస్తుందో 44వ జాతీయ రహదారి చూపింది. ఆదిలాబాదు నుంచి అనంతపురం దాకా తెలుగు నేల మీదుగా సాగే ఈ రహదారి నాగపూరుకు ఉత్తరాన పెంచ్ పులుల అభయారణ్యం పక్కగా పోతుంది. అక్కడ జంతువులు రోడ్డు కింది నుంచి దాటడానికి కట్టిన తొమ్మిది మార్గాల వద్ద భారత వన్యప్రాణి సంస్థ 2019లో కెమెరాలు పెట్టగా, 18 జాతుల వన్యప్రాణులు వాటి గుండా నడవడం నమోదైంది, పులులతో సహా. జంతువులు ఆ మార్గాలను వాడతాయన్నది కాంక్రీటు పోసిన రోజున ఒక అంచనా మాత్రమే. కెమెరాల తర్వాతే అది నిజమని తేలింది.

చట్టం ఎంతవరకు తోడుంటుందో కూడా పాఠకులు తెలుసుకోవాలి. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్, దాని 2013 సవరణ ప్రకారం ఉన్న జాతీయ రహదారిని 100 కిలోమీటర్లకు మించి విస్తరిస్తూ, ఉన్న బాట మీద 40 మీటర్లకు, బైపాసుల వద్ద 60 మీటర్లకు మించి అదనపు భూమి తీసుకున్నప్పుడే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. మన జిల్లాల్లో జరిగే విస్తరణ పనుల్లో ఎన్నో ఈ గీతకు ఇవతలే ఉండిపోతాయి. వాటికి క్రషర్లు, హాట్ మిక్స్ ప్లాంట్ల సమ్మతి షరతులు, కాంట్రాక్టులోని పర్యావరణ నిర్వహణ ప్రణాళిక మాత్రమే దిక్కు. అనుమతి పొందిన ప్రాజెక్టులు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదిక సమర్పించాలి. రోడ్లతో సహా వివిధ రంగాల ప్రాజెక్టులను పరిశీలించిన కాగ్ 2016 నాటి 39వ నివేదిక, ఈ అర్ధసంవత్సర నివేదికల సమర్పణలో 43 నుంచి 78 శాతం దాకా కొరత ఉన్నట్టు తేల్చింది.

ఆ నివేదికలు రహస్య పత్రాలు కావు. దరఖాస్తు చేసిన ఎవరికైనా వాటి ప్రతి ఇవ్వాలని 2006 నోటిఫికేషనే చెబుతోంది. తమ ఊరి పక్కన అనుమతి పొందిన రోడ్డు పని జరుగుతున్న పాఠకులు వచ్చే జూన్ లేదా డిసెంబరు నివేదిక ప్రతిని అడిగి తీసుకుని, గాలి కొలిచామని రాసిన డాబా ఎవరిదో, ఆ రోజు గాలి ఎటు వీచిందో, మట్టి తవ్విన గుంత ఇప్పుడు ఎలా ఉందో స్వయంగా వెళ్లి చూసి, తేడా ఉంటే తేదీతో సహా రాతపూర్వకంగా జిల్లా కలెక్టరుకు, కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి.